మత్తడి మీది ఎర్ర బట్ట

మొన్న ఒక ఆదివారం పొద్దున, గుట్టల నడుమ ఉన్న మా చెరువు దగ్గర, ఒక అమ్మాయి మాకందరికీ ఒక కథ చెప్పింది. అందులో ఒక్క సంగతి అబద్ధం. ఆ అబద్ధం ఆమెది కాదు, నాది.

మా కాలనీలో ఉద్యోగాల నుంచి దిగిపోయిన వాళ్లం కొందరం పొద్దున్నే నడుస్తుంటాం. చెరువు చుట్టూ సైకిళ్ల మీద తిప్పి చూపించే జట్టు ఒకటి ఉందని మాలో ఎవరికో తెలిసింది. హనుమకొండ నుంచి వ్యానులో తీసుకుపోతారు, అక్కడ గేర్ల సైకిలూ నెత్తికి గట్టి టోపీ ఇస్తారు, చుట్టూ తిరిగి వచ్చాక ఇడ్లీ పెడతారు. ఏ చెరువో తెలిశాక నేను మోకాళ్ల నొప్పులని తప్పించుకోబోయాను. వాళ్లు వినలేదు. నేనూ గట్టిగా కాదనలేదు. ఊళ్లో ఇల్లు అమ్ముకున్న తర్వాత అటు పోకుండా ఇంతకాలం గడిపినవాణ్ణి, ఎందుకు వ్యాను ఎక్కానో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

మత్తడి దగ్గర అందరినీ ఆపారు. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే రాతి కట్టడం అది. ఇప్పుడు దాని పక్కన సిమెంటు వంతెన ఉంది. మమ్మల్ని నడిపిస్తున్న అమ్మాయి టోపీ తీసి సైకిలు హ్యాండిలుకు తగిలించి చెప్పింది.

"బ్రిడ్జి లేనప్పుడు జనం ఈ మత్తడి మీదికెళ్లే నడిచేటోళ్లు అంకుల్. నీళ్లు జోరుగుంటే చెరువును చూసుకునే నీరటి ఆ బండ మీద ఎర్ర బట్ట కట్టేటోడు. బట్టుంటే ఎవరూ దిగద్దు. ఒకసారి నీరటి తాగి బట్ట కట్టుడు మర్చిపోయిండు. జంపకానాలు అమ్ముకునే ఒకాయన సైకిల్‌తోని సహా కొట్టుకపోయిండు."

మాలో ఒకాయన ఇదంతా నీకెట్లా తెలుసమ్మా అని అడిగాడు.

"ఆ నీరటి మా తాతనే అంకుల్. అందుకే ముందుగాలనే చెప్తున్న, తాగి సైకిల్ తొక్కద్దు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, చాలాసార్లు చెప్పి అలవాటైపోయిన నవ్వు. నేను బ్రేకు వదలకుండా పట్టుకుని బండ వైపు చూశాను. ఆ బట్ట కట్టే గుంజ లేదు. గుంజ నాటిన రంధ్రం మాత్రం రాతిలో అట్లాగే ఉంది, దాని నిండా వాన నీళ్లు.

*

మాది మగ్గాల వాడ. తెల్లవారకముందే ప్రతి ఇంట్లో గంజి కాగేది. నూలుకు పెట్టే గంజి వాసన అన్నం గంజి వాసన లాంటిదే, కాని కొంచెం పులిసి ఉంటుంది. మా అంగీలకూ, తలవెంట్రుకలకూ, పుస్తకాలకూ ఆ వాసనే. బడిలో పక్క వాడల పిల్లలు మమ్మల్ని చూసి ముక్కు మూసుకుని ఏడిపించేవాళ్లు. వీధి పొడుగునా పడుగు సాగదీసి కుంచెతో గంజి పూస్తుంటే, దాని కింద నుంచి దూరి పరుగెత్తడం మా ఆట. దారం తెగితే వీపు పగిలేది.

బాపు భీమండిలో మరమగ్గాల మీద పనికిపోయాడు. ఏడాదికి ఒకసారి వచ్చేవాడు, వచ్చినప్పుడు కొత్త మనిషిలా మూలకు కూర్చునేవాడు. నన్ను కన్న అవ్వ నా పసితనంలోనే పోయింది. నన్ను పెంచింది చిన్నాయిన, చిన్నమ్మ. వాళ్లకు పిల్లలు లేరు. చిన్నాయిన నేసే రోజులు కొన్ని, అమ్మబోయే రోజులు కొన్ని. అమ్మబోయే రోజు ఆయన సైకిలు చూడాలి. ఎత్తైన నల్లటి సైకిలు, వెనుక కట్టె పలకతో వెడల్పు చేసిన క్యారియర్, దాని మీద మడతపెట్టిన జంపకానాలు ఆయన భుజాల ఎత్తున. ఎర్రవి, నీలివి, చారలవి. వాటిని బిగించే తాడు కొన్నది కాదు. మగ్గం మీద మిగిలిపోయిన పడుగు కొసలను పేని తనే చేసుకున్నది. ఎద్దు లాగినా తెగదని చెప్పుకునేవాడు.

ఆయన పోయే దారిని ఇంట్లో "చుట్టు" అనేవాళ్లం. చిన్నాయిన చుట్టుకు పోయిండు, చిన్నాయిన చుట్టు నుంచి వచ్చిండు, అట్లా. కట్ట మీదుగా బయలుదేరి, చెరువు కింది ఊళ్లు తిరిగి, గుట్ట వెనుక తండాల మీదుగా మళ్లి, గుట్ట అడుగున నీళ్లంచున ఉన్న సన్నటి బాటలో వచ్చి, మత్తడి దాటి ఇల్లు చేరేవాడు. ఎక్కడ తొక్కాలో, ఎక్కడ దిగి నడిపించాలో ఆ సైకిలుకే తెలిసినట్టుండేది. ఎత్తు ఎక్కేటప్పుడూ, మత్తడి రాళ్ల మీదా బరువుకు సైకిలు ఒరిగిపోకుండా, తాడు కొసను తన నడుముకు రెండు చుట్లు చుట్టుకునేవాడు. అట్లా చేస్తే బండీ మనిషీ ఒకటే అయిపోతారని చెప్పేవాడు. బరువు అమ్మేవాళ్లందరూ అట్లాగే చేసేవాళ్లు.

ఒకసారి నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని చుట్టుకు తీసుకుపోయాడు. గుట్ట మీద సీతాఫలాలు కండ్లు తెరుస్తున్న రోజులు. తండాలో ఒక ముసలమ్మ మాకు మజ్జిగ పోసి, జంపకానాను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పరుచుకుని పండుకుంటే నీ పెండ్లాం గుర్తుకొస్తదా నా పెనిమిటి గుర్తుకొస్తడా అని అడిగింది. చిన్నాయిన చెవులు ఎర్రబడ్డాయి. దారంతా ఆ మాట చిన్నమ్మకు చెప్తానని బెదిరించి ఆయన చేత సీతాఫలాలు కోయించుకున్నాను. గుట్ట నీడ నీళ్ల మీద పడి, ఆ నీడలోంచి మా సైకిలు నీడ పోతుండేది. కడ్డీ గుచ్చుకుని తొడలు వాచిపోయాయి. అయినా ఆ రోజే అనుకున్నాను, ఈ చుట్టు నేనే తొక్కుకుంటూ తిరగాలని.

*

నీరటి అంటే చెరువు నీళ్లను చూసుకునే మనిషి. తూము ఎత్తడం, దించడం, ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూడడం ఆయన పని. చిన్నాయిన ఆయనను బావా అని పిలిచేవాడు, కాబట్టి నాకు మామ. నన్ను ఆయన అల్లుడా అనేవాడు. కులాలు వేరు, వాడలు వేరు, ఆ పిలుపులు మాత్రం నోరు తిరిగిన దగ్గర్నుంచి ఉన్నవే. పొట్టి మనిషి. ఎప్పుడూ తడిసి ఆరిన బురద చారలు పిక్కల మీద ఉండేవి.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. తొలకరి పడగానే మగ్గాల వాడ నుంచి ఒక ఇల్లు, వంతు ప్రకారం, నీరటికి ఎర్ర బట్ట నేసి ఇయ్యాలి. మూరెడు వెడల్పు, నిలువెత్తు పొడుగు. మత్తడి ఒడ్డున బండకు నాటిన గుంజకు దాన్ని ఆయన కట్టేవాడు, నీళ్లు మనిషిని లాగేంతగా ఉన్నప్పుడు మాత్రమే. అవతలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్లకు ఆ ఎరుపు గుట్ట మలుపులోనే కనబడేది. కనబడితే వెనుదిరిగి కింది ఊరి మీదుగా చుట్టి రావాల్సిందే. దొర కచ్చడం బండి కూడా వెనక్కి మళ్లడం నేను చూశాను. కట్టడానికీ విప్పడానికీ నీరటి చెయ్యి తప్ప మరో చెయ్యి తగలకూడదు. తగిలితే కట్ట మైసమ్మ ఊరుకోదని మాకు చెప్పి పెట్టారు.

ఆ ఏడు వంతు మాది. చిన్నాయినే నేశాడు. నీరటి మామ బట్ట తీసుకుపోవడానికి వచ్చిన రోజు చిన్నమ్మ సర్వపిండి కాల్చింది. గిన్నె అడుగున మాడిన పిండి, నువ్వులు, ఉల్లాకు వాసన వీధి దాకా వచ్చింది. మామ బట్టను వేళ్ల మధ్య నలిపి చూసి, గంజి జాస్తి పెట్టినవ్ బామ్మర్దీ, ముడికి పట్టుబడ్తలేదు అన్నాడు. పట్టుబడకుంటే పళ్లు పెట్టి లాగు అన్నాడు చిన్నాయిన. ఇద్దరూ నవ్వారు. నేను వాళ్ల మధ్య కూర్చుని మాడు చెక్కను గీక్కుని తింటున్నాను.

మామ కొడుకు నా దోస్తు. నాకంటే కొంచెం పెద్ద, నోరు ఇంకా పెద్ద. ఎత్తు సైకిలు మీద కూర్చుంటే మాకు కాళ్లు అందేవి కావు, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్లం. వాడు ఎక్కడి నుంచో ఒక సైకిలు సంపాదించాడు, వెనుక చక్రానికి టైరు లేదు, గడ్డి తాడు చుట్టి తొక్కేవాడు. చెరువు మొత్తం చుట్టు వాడూ నేనూ తిరగాలని, మా ఈడు పిల్లలెవరూ తిరగకముందే తిరగాలని ఎండాకాలం నుంచి అనుకుంటున్నాం. కట్ట మీద మట్టిలో పుల్లతో దారి గీసుకుని, ఎక్కడ ఆగాలో, ఎవరి చేనులో మక్క కంకులు తెంపాలో కూడా అనుకున్నాం. తక్కువైంది నా సైకిలే. చిన్నాయిన సైకిలు దొరికితే తప్ప కాదు.

*

ఆ రోజు చెరువు నిండిందని కట్ట మైసమ్మకు యాటను కోశారు. ఊరంతా కట్ట మీద. డప్పులు, మోదుగు ఆకుల విస్తళ్లు, పొగ. కల్లు కుండలు వరసగా. అందరూ తాగారు, నీరటి మామ కూడా తాగాడు. చెరువు నిండితే మొదటి ముంత ఆయనకే ఇచ్చేవాళ్లు.

చిన్నాయిన తెల్లవారుతూనే చుట్టుకు పోయాడు. పండుగ ముందటి బేరాలు. మరునాటి నుంచి బతుకమ్మ దాకా దూరపు ఊళ్లు తిరగాలి, సైకిలు ఇంట్లో ఉండదు. పోతూ నా నెత్తి మీద చెయ్యిపెట్టి చెప్పాడు.

"పొద్దు గుట్టెక్కక ముందే వస్త. ఈ ఒక్క సాయంత్రం సైకిల్ నీది. పోరా, తిరుగుపో."

మధ్యాహ్నం డప్పులు జోరందుకున్నప్పుడు నా దోస్తు వచ్చి చెప్పాడు, వాళ్ల నాయిన అప్పుడే బండ మీద బట్ట కట్టి వచ్చాడని.

"ఇగ మీ చిన్నాయిన ఇటు రాడు. కింది ఊరు తిరిగచ్చేసరికి చీకటైతది. నువ్వు పండుగ దాక గాలిల కైంచీ తొక్కుకుంట కూసో. నేనొక్కన్నే తిరిగస్త."

వాడు ఏడిపించడానికే అన్నాడు. అట్లా అని మళ్లీ డప్పుల దగ్గరికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. కట్ట దిగి, చెట్ల చాటున మత్తడి దాకా పోయాను. అక్కడ ఒక్క పిట్ట లేదు. బట్ట తడిసి గుంజకు అతుక్కుని ఉంది. నీళ్లను చూశాను. రాళ్ల మీద పాదం మునిగేంతే పారుతున్నట్టు కనిపించింది. చిన్నాయిన పొడుగు మనిషి, ఇంత నీళ్లు ఆయనకేం లెక్క అనుకున్నాను. మామ తాగి ఉన్నాడు, ఊరికే కట్టి ఉంటాడు అనుకున్నాను. ఈ రెండో మాటను నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. తర్వాత ఊరు ఊరంతా అన్న మాటను అందరికంటే ముందు అనుకున్నవాణ్ణి నేనే.

ముడి వేళ్లకు రాలేదు. తడికి బిగుసుకుపోయింది. గోరు విరిగింది. చివరికి పళ్లతో పట్టి లాగాను. నోట్లోకి గంజి రుచి వచ్చింది, మా ఇంటి గంజి. బట్టను మడిచి అంగీ లోపల పొట్టకు పెట్టుకుని కట్ట మీదికి వచ్చాను.

తర్వాత ఎగువ గుట్టల మీద మబ్బు కమ్మింది. మా మీద చినుకు లేదు, అక్కడ మాత్రం ఆకాశం గుట్టలోకి దిగిపోయినట్టు నల్లగా ఉంది. ఆ వాన వాగులోకి, వాగు చెరువులోకి వస్తుందని మా ఊళ్లో ఊహ తెలిసిన ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. లేచాను కూడా. పరుగెత్తి పోయి మళ్లీ కట్టేయడానికి ఎంతసేపు. అప్పుడే నా దోస్తు విస్తరిలో జొన్న రొట్టె, తునకల కూర తెచ్చి ఒడిలో పెట్టాడు. అలుగుతున్నవారా, తిను, రేపు నా సైకిలే ఇద్దరం తొక్కుదాం అన్నాడు. కూర వేడిగా ఉంది, కారం కండ్లల్లోకి ఎక్కుతోంది. కూర్చున్నాను. తిన్నాను. పొట్ట మీద తడి బట్ట చల్లగా తగులుతూనే ఉంది. రెండోసారి కూర అడిగి వేయించుకున్నాను.

మత్తడి అవతల పసులు కాసేవాళ్ల అరుపులు మాకు డప్పుల మధ్య చాలాసేపు వినబడలేదు.

*

పొద్దు మునిగేదాకా చిన్నాయిన కోసం వెతికారు, దొరకలేదు. తెల్లవారి దిగువన మోదుగు పొదల్లో దొరికాడు. తాడు నడుముకు అట్లాగే ఉంది. సైకిలు వదిలేసి ఉంటే ఈదుకుని వచ్చేవాడని అన్నారు. జంపకానాలు మడతలు విడిపోయి రాళ్ల మీద పరుచుకుని ఉన్నాయి. ఎరుపు, నీలం, ఎవరో ఉతికి ఆరేసినట్టు. తాడు తెగలేదు. కొడవలితో కోయాల్సి వచ్చింది.

ఊరి పెద్దలు నీరటి మామను బండ దగ్గరికి తీసుకుపోయి అడిగారు. నేను అక్కడే ఉన్నాను. కట్టిన, అన్నాడు ఆయన. ఏది బట్ట అని అడిగారు. గుంజను చూశాడు, బండ చుట్టూ తిరిగాడు, కిందికి వంగి చూశాడు. గాలికి పోయిందేమో అన్నాడు. మైసమ్మ గుడి ముందటి తోరణం ఆకైనా రాలలేదు, నీ బట్ట ఒక్కటే ఎగిరిపోయిందా అని ఒకరు అన్నారు. ఎన్ని ముంతలు తాగినవ్ అని మరొకరు. సాయంత్రానికి మామ మాట మారింది. కట్టిననే అనుకున్న, అన్నాడు. చిన్నాయిన దినాలు వచ్చేసరికి అదీ పోయింది. ఒక మనిషి తన కండ్లతో తాను చూసిన దాన్ని కొంచెం కొంచెంగా పోగొట్టుకోవడం నేను దగ్గర నుంచి చూశాను. దాన్ని ఆపగలిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే.

దినాల రోజు ఆయన మా గడప ముందుకు వచ్చి భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. చిన్నమ్మ లోపల మగ్గం గుంత అంచున కూర్చుని ఉంది.

"చెల్లే, నేను కట్టలే. తాగి మర్చిపోయిన. నా చేతులతోటి సంపుకున్న."

చిన్నమ్మ ఆయన వైపు చూడలేదు. నాకు చెంబు చూపించి, ఇంటికొచ్చిన మనిషికి నీళ్లియ్యి అంది. నేను నీళ్లు తీసుకుపోయి ఇచ్చాను. చెంబు అందుకుంటూ ఆయన నా మొఖం చూశాడు. ఆ చూపు నన్ను అనుమానించలేదు, అదే భరించరానిది. అల్లుడా, మీ చిన్నాయినను దూరం చేసిన గదరా అన్నాడు. నేను నోరు తెరిచాను. మామా అన్నాను. ఆయన ఆగాడు, ఇంకేమైనా అంటానేమోనని. నేను ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వచ్చాను.

ఆ బట్ట అప్పటికే చిన్నాయిన మగ్గం గుంతలో ఉంది. మాది గుంత మగ్గం. నేసేవాళ్లు నేల మీద కూర్చుని కాళ్లు గుంతలోకి జారవిడిచి పాదాలతో తొక్కుతారు. ఆ గుంత అడుగు మట్టి తవ్వి పాతిపెట్టాను. దినాలు అయ్యాక చిన్నమ్మ ఆ మగ్గం మీద కూర్చుంది. నన్ను బడికి పంపడానికి ఏండ్ల తరబడి నేసింది. ఆమె పాదాలు ఆ మట్టి మీదే ఆడుతుండేవి. నేను ఎదురుగా కూర్చుని కండెలు చుట్టి ఇస్తుండేవాణ్ణి, పాఠాలు చదివి వినిపిస్తుండేవాణ్ణి. మా వాడ నుంచి మత్తడికి మళ్లీ ఎవరూ బట్ట ఇయ్యలేదు.

నీరటి మామను ఆ పని నుంచి తీసేశారు. ఆ ఇంటివాళ్లు ఊరు విడిచి హనుమకొండ పోయారు. పోయేరోజు నా దోస్తు నాకోసం వచ్చాడని, చాలాసేపు మా వాకిలి గల్మ దగ్గర నిలబడి పోయాడని చిన్నమ్మ చెప్పింది. నేను అటుక మీద దాక్కున్నాను. మామ ఎక్కడో గోదాము దగ్గర కావలి పని చేశాడని, మళ్లీ కల్లు ముంత ముట్టలేదని, దవాఖానలో పోయాడని తర్వాత తర్వాత తెలిసింది. తెలిసిన రోజు నేను ఆఫీసుకు పోయి ఎప్పటిలాగే పని చేసుకున్నాను.

నాకు ఉద్యోగం వచ్చింది, పెండ్లయింది. చిన్నమ్మను తెచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను, నా చేతుల మీదే పోయింది. నన్ను అందరూ మంచి కొడుకన్నారు. ఊళ్లో ఇల్లు అమ్మేముందు నేల చదును చేయించాను. గుంతలో మట్టి తీసి శుభ్రం చెయ్యాల్నా, ఉన్నదున్నట్టు పూడ్చాల్నా అని మేస్త్రీ అడిగాడు. పూడ్చెయ్యమన్నాను. దాని మీద సిమెంటు పోసేదాకా నిలబడి చూశాను.

*

సైకిళ్లు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయిని పక్కకు పిలిచాను. మీ నాయిన ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడంది. హసన్‌పర్తిలో ఉంటాం, ఆటో నడిపేవాడు, పోయిన ఏడు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది అంది. మీకెట్ల తెలుసు అంకుల్ అని అడిగింది.

"బిడ్డా, మీ తాత మర్చిపోలే. బట్ట కట్టిండు. దాన్ని నేనిప్పిన. కొట్టుకపోయింది మా చిన్నాయిన."

ఆమె ఒక చేతి తొడుగు విప్పింది. రెండోది విప్పబోయి ఆగిపోయింది. నా వెనుక మా వాళ్లు ఇడ్లీలు తింటూ ఫొటోలు దిగుతున్నారు. ఇది నాకు చెప్పేది కాదు, మా నాయినకు చెప్పండి అంది.

వ్యాను మా ఇద్దర్నీ హసన్‌పర్తి మూలమీద దించింది. ఇల్లు చేరేదాకా ఆమె ముందు నడిచింది, నేను వెనుక.

నా దోస్తు నులక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మూతి కొంచెం పక్కకు పోయింది. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది, గుర్తుపట్టాక మొఖం వెలిగింది.

"అరె, నువ్వారా. ఈ ఈడుల సైకిలెక్కినవా? కాళ్లందినయా, కైంచీ తొక్కినవా?"

ఆ నవ్వు ఉండగానే చెప్పేశాను. నవ్వు పోయాక చెప్పాలంటే నా వల్ల కాదని తెలుసు. ముడి, అంగీ లోపలి తడి, వాడు తెచ్చిన కూర, గుంత, సిమెంటు, అన్నీ. వాడి భార్య చాయ్ తెచ్చి పెట్టింది, దాని మీద మీగడ కట్టింది. వాడు బాగున్న చేత్తో పడిపోయిన చేతిని తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

"మొదటి రోజు నాయిన ఇంటికొచ్చి నా చేతులు వట్టుకున్నడు. ఊరు నమ్మకున్నా నువ్వు నమ్మురా కొడుకా, నేను కట్టిన అన్నడు. ఆయన నోట్ల కల్లు వాసన. నేను చెయ్యెత్తిన. మొఖం మీద కొట్టిన. నాయిన్ను." బాగున్న అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "ఆ తర్వాత నుంచే ఆయన కట్టిన అనుడు బంద్ చేసిండు. పోయేదాక నాతోని సరిగ మాట్లాడలే, నేనూ మాట్లాడలే. తప్పు చేసినోడు గదా, పడనీ అనుకున్న."

నేను చాయ్ గ్లాసును పక్కకు జరిపాను.

"నువ్వు చెప్పకుంటనే సచ్చిపోతే అయిపోతుండె గదరా. ఇప్పుడు దీన్ని నేనేం చేసుకోవాలె? ఎవరికాడికి పోవాలె నేను?"

ఇన్నేండ్లూ నేను అనుకున్నది ఒకటే, నిజం చెప్తే ఒక చచ్చిపోయిన మనిషికి మేలు చేసినట్టవుతుందని, శిక్ష పడితే నాకు పడుతుందని. నా తప్పు ఇంకొకడి చేతిలోకి కూడా పాకి ఉంటుందని, దాన్ని నేను తెచ్చి వాడి ఒడిలో పోస్తానని నాకు తోచలేదు. నా సంగతి తప్ప మరొకటి ఆలోచించకపోవడం చిన్నప్పుడు మొదలై ఇప్పటిదాకా మారనట్టుంది.

లేవబోతుంటే వాడు గోడ వైపు చూస్తూ అడిగాడు.

"గట్టిగ కట్టిండా?"

"గట్టిగనే కట్టిండు. వేళ్లకు రాలే. పళ్లతోని విప్పిన."

వాడు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. వాడి కూతురు వచ్చి తండ్రి పక్కన మంచం మీద కూర్చుంది. మీరిగ పోండి అంది నాతో, కోపంగా కాదు, మామూలుగా. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను. బస్సు కోసం నిలబడ్డచోట ఎవరింట్లోనో అన్నం వారుస్తున్నారు. గంజి వాసన వచ్చింది. నోట్లో ఆ రుచి ఇంటికి వచ్చాక కూడా పోలేదు.

చెరువు ఇప్పుడూ ఉంది. గుట్టలు ఉన్నాయి, కొన్నింటిని కంకర కోసం సగం తిన్నారు. మగ్గాల వాడ లేదు, గంజి కుంచెలు లేవు, నీరటి అనే పనే లేదు. గుట్ట అడుగు బాటకు ఎర్రమట్టి పోసి సైకిళ్ల దారి చేశారు. చిన్నాయిన చుట్టును నేను మొత్తం తొక్కింది మొన్ననే, గేర్ల సైకిలు మీద, మోకాళ్లు పట్టుకుపోతుంటే, ఆగి ఆగి.

ఇందులో ఎవరి పేరూ రాయలేదు. ఆ ఊరివాళ్లు ఎవరైనా చదివితే ఇది ఎవరి సంగతో పేర్లు లేకున్నా తెలిసిపోతుంది. తెలియాలనే రాశాను. ఆ రోజు నీరటి మామ తాగి ఉన్నాడు. అయినా మర్చిపోలేదు. బట్ట కట్టాడు. గట్టిగా కట్టాడు.